ఒక్క కానీ

పదమూడేళ్ళుగా ఒక మాట నా గొంతుకి అడ్డం పడి ఉంది. చేపముల్లయితే నాలుగు అన్నం ముద్దలు మింగితే దిగిపోయేది. ఇది దిగదు. బయటికీ రాదు. ఎన్నోసార్లు నోటి దాకా వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే వాళ్ళ మొహం చూడాలి కదా. నా పేరు రాయడం లేదు. నేను కూర్మారావు అని రాయబోయే మనిషి పేరు కూడా కూర్మారావు కాదు. మా శ్రీకాకుళం జిల్లాలో రాయి విసిరితే ఎవరో ఒక కూర్మారావుకి తగులుతుంది కాబట్టి ఆ పేరు పెట్టాను. ఒప్పుకుంటానని వచ్చి ఇక్కడ కూడా దాక్కుంటున్నాడు వీడు అనుకుంటారేమో. అనుకోండి.

ఆ మాట "కానీ".

మనందరం రోజుకి వందసార్లు వాడే మాటే. దానికి రెండు మొహాలున్నాయి. "కానీ, ఇంకా చూస్తావేం" అంటే మొదలుపెట్టమని. "బాగానే ఉంది, కానీ…" అంటే ఆగమని, ఏదో తేడా ఉందని. అక్షరాలు అవే. పలికే తీరు వేరు. ఏది ఏదో మూడేళ్ళ పిల్లకి కూడా తెలుస్తుంది. నాకూ తెలుసు. ఆ రోజు కూడా తెలుసు. నేను చెప్పాల్సింది నిజానికి ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా ఆ ముక్క దాకా రావడానికి నేను పడుతున్న అవస్థ.

అప్పట్లో నేను టెక్కలి నుంచి పలాస వెళ్ళే హైవే పక్కన ఒక వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. రేకుల షెడ్డు. ఒక మూల రెండు లేతు మిషన్లు, నడిమధ్య బరువులెత్తే చైన్ పుల్లీ. గ్రానైట్ కోసే యంత్రాలు పాడైతే మా దగ్గరికి వచ్చేవి. పలాస జీడి ఫ్యాక్టరీల వాళ్ళు పిక్కలు కొట్టే మిషన్లు తెచ్చేవారు. ఏది వచ్చినా ముందు కూర్మారావు దాని చుట్టూ ఒకసారి తిరిగి, చెవి ఆనించి విని, ఆ తర్వాతే స్పానర్ పట్టుకునేవాడు. అతనిది అక్కుపల్లి పక్క ఊరు. నాకంటే పదేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అని పిలిచేవాణ్ణి. అతనూ నన్ను బావ అనేవాడు. మా వైపు వరస కలపడానికి చుట్టరికం అక్కర్లేదు.

అతని దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఈ సంగతి కూడా రాయాలి. దాటేద్దామనుకున్నాను.

ఆ షెడ్డుకి ఒకసారి మేమెవరం అనుకోని పని వచ్చింది. విశాఖపట్నంలో ఓడలకి సామాన్లు చేసే ఒక కంపెనీ మా ఓనరు గారిని పట్టుకుంది. యుద్ధనౌక మీద ఉండే పెద్ద ఫిరంగిలోకి గుండుని తోసే యంత్రం కావాలట. పాత పద్ధతిలో అయితే నూనె ఒత్తిడితో నడిచే పొడుగాటి గడ ఒకటి ఆ గుండుని తోస్తుంది. గడ ఎంత పొడుగుంటే, అది వెనక్కి రావడానికి ఫిరంగి వెనక అంత చోటు కావాలి. ఓడలో చోటెక్కడిది? అందుకని మోటారుతో నడిచేది, ట్రంకు పెట్టె అంతలో ఇమిడిపోయేది ఒకటి చేసి చూపించమన్నారు. అది నచ్చితే తర్వాతి మాట. ఫిరంగి మా షెడ్డుకి ఎవరు పంపిస్తారు? దాని వెనక భాగం కొలతకి చేసిన ఒక ఇనప గొట్టం, బియ్యం బస్తా అంత బరువుండే ఉత్త ఇనప గుండ్లు రెండు పంపించారు. వాటిలో మందూ మాకూ ఏమీ లేదు.

కంపెనీ వాళ్ళు గీసిచ్చిన స్క్రూ పద్ధతి మా దగ్గర రెండుసార్లు ఫెయిలైంది. మరీ నిదానం. గుండుని నిదానంగా తోస్తే కుదరదు. దాని నడుముకి ఒక రాగి పట్టీ ఉంటుంది. అది గొట్టం లోపలి గాడుల్లో కరుచుకునేలా ఒక్క ఊపున తోయాలి. లేకపోతే గొట్టం పైకెత్తినప్పుడు గుండు వెనక్కి జారి వచ్చేస్తుంది. ఇంత బలంగా తోసేది ఇంత చిన్న పెట్టెలో ఎలా పడుతుందని ఓనరు గారు తల పట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం అన్నం తిని లేవబోతూ కూర్మారావు తన మోకాలి కేసే చూసుకుంటూ ఉండిపోయాడు.

"మోకాలు ఒక పక్కకే వంగుతాది బావ. రెండో పక్కకి వంగితే ఆసుపత్రే. అలాటి చైను సేత్తేనో?"

అలాంటి చైనే చేశాడు. ప్రతి లింకుకీ వెనక వైపు ఒక భుజం పెట్టాడు. పెట్టెలో ఉన్నంతసేపూ అది చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. మోటారు తిరిగితే బయటికి వస్తూ వస్తూ ఒక లింకు భుజం ఇంకో లింకుకి ఆని కర్రలా బిగుసుకుంటుంది. దాని కొసకి ఒక ఇత్తడి దిమ్మ. ఆ దిమ్మ గుండు వెనక తగిలి, ట్రే మీంచి గొట్టంలోకి ఒక్క తోపు తోస్తుంది. మళ్ళీ మోటారు వెనక్కి తిరిగితే చైను బుద్ధిగా పెట్టెలోకి వెళ్ళి చుట్టుకుంటుంది. కంపెనీ కాగితాల్లో దానికి ఇంగ్లీషు పేరేదో ఉండేది. మేం తోపుడు పెట్టె అనేవాళ్ళం.

ఇలాంటి చైన్లు ప్రపంచంలో ఎక్కడో ముందే ఉన్నాయని తర్వాత తెలిసింది. ఉంటే ఉండనీ. మా షెడ్డులో మాత్రం అది కూర్మారావు మోకాలు చూసి చేసిందే.

ఇక మాట సంగతికి వస్తాను. బరువులు ఎత్తేటప్పుడు మా దగ్గర "కానీ" అంటే నడిపించు, "ఆగు" అంటే ఆపు. గ్రానైట్ యార్డుల్లో అందరూ వాడేవే. కానీ కూర్మారావుతో ఒక చిక్కుండేది. చూశారా, నాకు కూడా ఆ మాట లేకుండా నడవదు. అతను ఏ పనినీ సూటిగా బాగుంది అని ఒప్పుకునేవాడు కాదు. "అంతా బాగున్నాది, కానీ…" అని ఒక తోక తగిలించేవాడు. ఆ తోక వెనక ఎప్పుడూ ఒక గంట పని ఉండేది. బిగించింది విప్పాలి, విప్పింది అరగదీయాలి, మళ్ళీ బిగించాలి. ఆ "కానీ" వినిపిస్తే నాకు పళ్ళు కొరుక్కోవాలనిపించేది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ తలుచుకుంటే చిరాకే. అతను చెప్పేది ప్రతిసారీ రైటే కావడం ఇంకా చిరాకు.

పెట్టె పని మొదలైన కొత్తలో ఒకసారి అతను "కానీ…" అని నసిగేసరికి, పుల్లీ దగ్గరున్నవాడు కానిమ్మన్నాడనుకుని చైను లాగేశాడు. ట్రే ఒకటి వంకరపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అందరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ రోజే కూర్మారావు ఒక రూలు పెట్టాడు.

"నా నోట ఒక్క కానీ వత్తే అది అనుమానం. రెండు వత్తేనే పని. నాను రెండు మాట్లు అంటాను, నువ్వు రెండు మాట్లు తిరిగి అనాలి. అప్పుడే బటన్ నొక్కాలి. తెలిసిందేటి?"

తెలిసింది. ఓనరు గారు ఆ రూలుని ఇంగ్లీషులో టైపు చేయించి కంపెనీకిచ్చే కాగితాల్లో కూడా పెట్టించారు. ట్రే దగ్గర నిలబడే మనిషి ఆజ్ఞని రెండుసార్లు పలకాలి, బటన్ దగ్గర ఉండే మనిషి రెండుసార్లు తిరిగి చెప్పాలి, అని. ట్రే దగ్గర కూర్మారావు. బటన్ దగ్గర నేను.

ట్రయల్ చూడటానికి విశాఖపట్నం నుంచి ముగ్గురు వచ్చారు. అందులో పెద్దాయన ఉత్తరాది మనిషి, తెలుగు ముక్క రాదు. ఎండలు మండిపోతున్న రోజులు. రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టి కొబ్బరిబొండాలు ఇచ్చాం. పొద్దున తొమ్మిదికి మొదలుపెడదామనుకుంటే కరెంటు పోయింది. జనరేటర్ వేశాం. మొదటి తోపులో గుండు ట్రే మీద పక్కకి ఒరిగింది. రెండోదానికి చైను సగం దాకా వచ్చి ఆగిపోయింది. కొసన ఉండే స్విచ్చు ఇరుక్కుందని కూర్మారావు కనిపెట్టాడు. విప్పాడు, తుడిచాడు, బిగించాడు. పెద్దాయన వాచీ చూసుకున్నాడు. ఓనరు గారు నా కేసి చూశారు.

ఆ చూపు గురించి చెప్పాలి. ముందు రోజు ఓనరు గారు నన్ను పక్కకి పిలిచి, ట్రయల్ బాగా జరిగితే పెట్టెతో పాటు దాన్ని నడిపే మనిషి కూడా విశాఖపట్నం వెళ్ళాలని, కూర్మారావు ఎలాగూ ఊరు వదిలి రాడు కాబట్టి నా పేరు చెప్పానని అన్నారు. అప్పటికి పన్నెండేళ్ళుగా నేను ఆ షెడ్డులో ఉన్నాను. ఆ లేతు చప్పుడూ, ఆ జీడి మిషన్ల జిగురూ, రోజూ ఆటోలో వేలాడుతూ రావడం, అన్నిటి మీదా విరక్తి పుట్టి ఉంది. ఒక్క తోపు సరిగ్గా పడితే నేను బయటపడతాను. ఆ ముందు రాత్రి నాకు నిద్రే లేదు.

మూడో తోపుకి అన్నీ సరిగ్గా కుదిరాయి. గుండు ట్రేలో తిన్నగా ఉంది. జనరేటర్ రొద చేస్తోంది. నా బొటనవేలు బటన్ మీద ఉంది. కూర్మారావు ట్రే మీదికి వంగాడు. చైను కొసనున్న ఇత్తడి దిమ్మని తడిమి చూస్తున్నాడని నాకు తర్వాత తెలిసింది. పెట్టె మూత తెరిచి ఉంటే మోటారు తిరగకుండా ఒక స్విచ్చు పెట్టాలని అతనే ఎన్నడో చెప్పాడు. అది ఇంకా రాలేదు. అదీ అతని కానీల్లో ఒకటి.

అతను అన్నాడు. "అంతా బాగున్నాది. కానీ…"

సాగదీసి అన్నాడు. మా ఉద్దానం వాళ్ళం మాటని ఎలా సాగదీస్తామో బయటివాళ్ళు వెక్కిరిస్తారు. అలా. చివర గొంతు పైకి లేచింది. తర్వాత ఇంకేదో చెప్పబోతున్నాడు. ఊపిరి తీసుకున్నాడు.

నేను నొక్కాను.

ఎందుకు నొక్కాను? పదమూడేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. కానిమ్మన్నాడని పొరపడ్డానా? లేదు. ఆ "కానీ" ఏ కానీయో నాకు పన్నెండేళ్ళ నుంచి తెలుసు. చెయ్యి నలగాలని నొక్కానా? అయ్యో, కాదు. అతని వీపు నా వైపుంది. చెయ్యి ట్రేలో ఉందని నాకు కనిపించలేదు. ఇది నిజం. దీన్ని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానంటే, ఇప్పుడు నాకే అబద్ధంలా వినిపిస్తోంది. అయినా చెయ్యి కనిపించలేదు అనడం సాకు కాదు. కనిపించదు కాబట్టే కదా నోటి మాట రూలు పెట్టుకున్నది. మరి ఎందుకు? ఆ "కానీ" తర్వాత రాబోయేది వినడం నాకు ఇష్టం లేదు. అంతే. ఇంకో గంట పని, ఇంకో విప్పడం, పెద్దాయన ఇంకోసారి వాచీ చూసుకోవడం, నా విశాఖపట్నం చేజారిపోవడం. అతని మాటని మధ్యలో తుంచెయ్యాలనిపించింది. మాటని తుంచడానికి నా చేతిలో ఉన్నది ఆ బటన్.

మూడు వేళ్ళు పోయాయి. కుడిచేతివి. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. దానికంటే ఎక్కువ రాయలేను. గుండు మాత్రం గొట్టంలో చక్కగా కరుచుకుంది. ఆ రోజు మొత్తంలో సరిగ్గా పడిన తోపు అదొక్కటే.

సాయంత్రం ఓనరు గారి గదిలో పెద్దాయన నన్ను కూర్చోబెట్టి అడిగాడు. ఓనరు గారు మధ్యలో తర్జుమా చేశారు. ఆజ్ఞ వచ్చిందా? వచ్చింది సార్. ఏ మాట? కానీ. దాని అర్థమేమిటి? మొదలుపెట్టు అని, అన్నారు ఓనరు గారు. నేను ఊరుకున్నాను. అప్పటికి నేను అబద్ధం ఆడలేదు చూడండి. ఉన్న మాట ఉన్నట్టే చెప్పాను. అర్థం వేరే వాళ్ళు చెప్పారు. అక్కడితో వదిలేసి ఉంటే తేలు కుట్టిన దొంగలా ఒక మూల పడి ఉండేవాణ్ణేమో. పెద్దాయన ముందున్న కాగితం తిప్పాడు. మేం టైపు చేయించి ఇచ్చిన రూలు ఆయన వేలి కింద ఉంది. చదివి, తలెత్తి అడిగాడు. రెండుసార్లా?

జనరేటర్ రొదలో ఆ మాట వినబడింది మా ఇద్దరికే. ఒకడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

రెండుసార్లు సార్, అన్నాను. నేను కూడా రెండుసార్లు తిరిగి చెప్పాను, అని అడక్కుండానే కలిపాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటారే, అది. పెద్దాయన నన్నేమీ అనుమానించలేదు. రాసుకున్నాడు. నేను కింద సంతకం పెట్టాను.

భయంతో చేశాను అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఊరడిల్లేవాణ్ణి. ఆ మర్నాడు ఆసుపత్రికి వెళ్ళకుండా ఉండి ఉంటే.

వెళ్ళాను. కూర్మారావు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి తెల్లటి కట్టు, దిండు మీద పెట్టుకున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. పక్కనున్న స్టూలు చూపించాడు. కంపెనీ మనిషి పొద్దున వచ్చి మాట్లాడి వెళ్ళాడని చెప్పాడు. కాసేపు కట్టు కేసి చూసుకుని, మెల్లగా అడిగాడు.

"బావ, నాకు సరిగ్గా గురుతు రావట్లేదు. నాను రెండు మాట్లు అన్నానేటి?"

అతను నన్ను నిలదీయడం లేదు. ఇది మీకు అర్థం కావాలి. నిజంగానే అడుగుతున్నాడు. దారి మర్చిపోయిన మనిషి తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగాడు. ఒక్క మాట చాలు. కాదు బావా, ఒక్కసారే అన్నావు, తప్పు నాది. గదిలో వేరే ఎవరూ లేరు. కంపెనీ లేదు, కాగితం లేదు. ఆ కాగితం ఎలా ఉన్నా, అతనికైనా నిజం తెలిసేది.

"అన్నావు బావా," అన్నాను. "రెండు మాట్లు అన్నావు."

అతను కట్టు మీద ఎడమచెయ్యి వేసుకున్నాడు. తర్వాత తల ఊపాడు.

"అలగైతే నా నోరే నన్ను తినేసినాది. నీకేటి, నువ్వేటి సేత్తావు. బెంగెట్టుకోకు."

నాకు ధైర్యం చెప్పాడండీ. మూడు వేళ్ళు పోయిన మనిషి నాకు ధైర్యం చెప్పాడు. నేను స్టూలు మీద కూర్చుని చెప్పించుకున్నాను.

ఆ తర్వాత అంతా మామూలుగా జరిగిపోయింది. తప్పు అతనిదే అని కాగితం మీద పడింది కాబట్టి కంపెనీ చేతులు దులుపుకుంది. తన చెయ్యి తనే లోపల పెట్టుకుని తనే కానిమ్మన్నవాడికి ఎవరు పని చెబుతారని మా ఓనరు గారు కూడా మొహం చాటేశారు. నేను విశాఖపట్నం వెళ్ళాను. పెట్టెని అక్కడ ఒక షెడ్డులో పెట్టి నెలల తరబడి నడిపాం. దిమ్మ కొద్దిగా ఊగుతోందని, ఆ ఊపుకి లింకు పిన్ను అరిగిపోతోందని మూడో నెలలో బయటపడింది. అదే. ఆ రోజు "కానీ" తర్వాత అతను చెప్పబోయింది అదే అయి ఉంటుంది. అరగంట పని. రెండేళ్ళయ్యాక పైవాళ్ళు వేరే రకం ఎంచుకున్నారని చెప్పి ఆ పని ఆపేశారు. తోపుడు పెట్టె మీద టార్పాలిన్ కప్పి గోడ వారగా తోసేశారు. ఏ ఓడా ఎక్కలేదు. ఒక్క గుండుని కూడా నిజం ఫిరంగిలోకి తోయలేదు. దానికోసం చేశాను ఇదంతా. నా మీద నాకు ఎంత మంటగా ఉంటుందో చెప్పడానికి మాట దొరకడం లేదు. దక్కింది ఏదైనా ఉంటే కనీసం దుర్మార్గుణ్ణని ఒప్పుకునేవాణ్ణి. ఏమీ దక్కలేదు కాబట్టి దుర్మార్గుణ్ణీ, పైగా తెలివితక్కువ వెధవనీ.

తిరిగి పలాస వచ్చి జీడి మిషన్లు రిపేరు చేసే చిన్న షాపు పెట్టుకున్నాను. వచ్చేసరికి కూర్మారావుకి ఒక పేరు పడి ఉంది. డబుల్ కానీ. టీ కొట్టు దగ్గర, ఆటో స్టాండులో, "ఇదిగో డబుల్ కానీ వత్తన్నాడు" అంటారు. కోపంతో కాదు, సరదాకే అంటారు. అతను కూడా నవ్వుతాడు. నేను నవ్వుతానా? ఆ మాట విన్న ప్రతిసారీ నవ్వినట్టే మొహం పెడతాను. పేరు పెట్టింది వాళ్ళు, దానికి ముడిసరుకు ఇచ్చింది నేను.

ఇంకో సంగతి ఉంది. ఇది నేను తప్ప ఎవరూ గమనించలేదనుకుంటాను. కూర్మారావు ఆ మాట వాడటం మానేశాడు. రెండు రకాలుగానూ మానేశాడు. అభ్యంతరం చెప్పాలంటే ఆగి, వేరే దారిలో చెబుతాడు. మొదలుపెట్టమనాలంటే "ఊఁ" అంటాడు, లేకపోతే తల ఊపుతాడు. మీరు ఒక పూట ఆ మాట లేకుండా మాట్లాడి చూడండి. ఎంత కష్టమో తెలుస్తుంది. ఒకప్పుడు ప్రతి పనికీ తోక తగిలించే మనిషి, ఇప్పుడు ఎవరేం చేసినా బాగున్నాది అనేసి ఊరుకుంటాడు. అతని అనుమానాన్ని అతని నోట్లోంచి నేను పీకేశాను. వేళ్ళ కంటే అదే పెద్ద నష్టమని ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనిపించడం కూడా వేళ్ళ సంగతి తప్పించుకోవడానికేనేమో.

ఎడమచేత్తో పని నేర్చుకున్నాడు. తిత్లీ తుఫానులో అతని జీడితోటా కొబ్బరీ సగానికి పైగా పడిపోయాక, పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో మళ్ళీ పనికి కుదిరాడు. అక్కడ పప్పు ఆరబెట్టే ఓవెన్‌లోకి ట్రేలు తోయడానికి, ఆ మోకాలి చైనునే మళ్ళీ చేశాడు. చిన్నది. రోజూ నడుస్తోంది. దాన్ని చూడ్డానికి ఫ్యాక్టరీవాళ్ళు నన్ను పిలిస్తే వెళ్ళాను. మూతకి స్విచ్చు ఉంది, తెరిస్తే ఆగిపోతుంది. పక్కన ఒక గంట ఉంది. ట్రే దగ్గర మనిషి తాడు లాగితే గంట మోగాలి, అప్పుడే ఇవతలి మనిషి నడపాలి. నోటి మాట వద్దు, అన్నాడు. "మాటని నమ్మకూడదు బావ. ముక్కెంగా నా మాటని." అతని మాటలో ఏ తప్పూ లేదు. లేని తప్పుకి అతను పెట్టుకున్న గంట అది. చెప్పొచ్చు కదా అప్పుడైనా? గంట బాగుంది బావా, అన్నాను.

ఈ వేసవిలో తెగించాను. మా ఇంట్లో కూడా చెప్పకుండా, పొద్దున పదింటికి బండి మీద అతని తోటకి వెళ్ళాను. జీడిపళ్ళ కాలం. పళ్ళు కుప్ప పోసుకుని చెట్టు కింద కూర్చుని పిక్కలు తిప్పుతున్నాడు. కుడిచేతి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య పిక్కని ఇరికించి, ఎడమచేత్తో పండు తిప్పుతాడు. చూస్తే అందరూ అలాగే చేస్తారేమో అనిపించేంత తేలిగ్గా. పక్కన కూర్చున్నాను. దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాను.

"బావా, నీకొక సంగతి సెప్పాలి," అన్నాను. "ఆ రోజుది."

అతను పండు కింద పెట్టాడు. ఇన్నేళ్ళలో నేను ఆ రోజు ఊసు అతని ముందు ఎత్తడం అదే మొదలు. నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు. నేను నీళ్ళు నములుతుంటే కాసేపు చూశాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

"కానీ," అన్నాడు. కొంచెం ఆగి, నా కళ్ళలోకి చూస్తూ మళ్ళీ అన్నాడు. "కానీ."

రెండు మాట్లు. సాగదీయకుండా, స్పష్టంగా, రూలు ప్రకారం. ఎన్నో ఏళ్ళుగా నోట పలకని మాట, నాకు భయం పోగొట్టడానికి, తన మీద తనే వేసుకున్న వేళాకోళంగా పలికాడు. ఇప్పుడు నేను తిరిగి చెప్పాలి. రెండుసార్లు. తర్వాత నొక్కాలి. అంతే పని. ఆగమన్న రోజు ఆగకుండా నొక్కినవాణ్ణి, కానిమ్మన్న రోజు కదల్లేకపోయాను.

"ఏం లేదు బావా," అన్నాను. "ఆ ఫ్యాక్టరీలో గంట సరిగ్గా మోగట్లేదంటన్నారు. ఒక మాటు సూడు."

మర్నాడు ఆ ఎండలో ఆటో ఎక్కి పలాస వెళ్ళాడు. బాగున్న గంటని విప్పాడు. తాడు మార్చాడు. సగం పూట అక్కడే కూర్చుని మోగించి మోగించి చూశాడట. సాయంత్రం ఫోన్ చేశాడు. గంటకేమీ కాలేదని, అయినా ఎందుకైనా మంచిదని కొత్తది పెట్టానని చెప్పాడు. ఎక్కడో తన తప్పే ఉండి ఉంటుందన్నట్టు చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు షాపులో లైటు కూడా వేసుకోకుండా కూర్చున్నాను. ఒక అబద్ధాన్ని తీయబోయి దాని మీద ఇంకొకటి పెట్టి వచ్చాను. దానికీ అతనే వెళ్ళి ఎండలో పని చేశాడు.

ఆ తర్వాతే ఇది రాయడం మొదలుపెట్టాను. ఇందులో గొప్పేమీ లేదు, తెలుసు. చెప్పాల్సిన మనిషి నాకు అరగంట దూరంలో ఉన్నాడు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను క్షమించక్కర్లేదు. అది మీ చేతిలో లేదు, క్షమించినా నాకు అంటదు. అతను ఇది చదువుతాడో లేదో తెలియదు. పేపరు చూస్తాడు. చదివితే పేరు మార్చినా పోల్చుకుంటాడు. మా వైపు ఆ చైను ఇంకెవరూ చేయలేదు కదా.

పెద్దాయన ముందు సంతకం పెట్టిన కాగితంలో ఏం ఉండాలో అది మాత్రం ఇక్కడ రాస్తాను. ఒకసారైనా ఎక్కడో ఒకచోట అక్షరాల్లో ఉండాలి. ట్రే దగ్గర మనిషి ఆజ్ఞ ఇవ్వలేదు. బటన్ దగ్గర మనిషి తిరిగి చెప్పలేదు. ట్రే దగ్గర మనిషి ఏదో తేడా ఉందని చెప్పబోతున్నాడు. బటన్ దగ్గర మనిషికి ఆ సంగతి తెలుసు. తెలిసే నొక్కాడు.

రాశాను. గొంతులో ముల్లు కొంచెం కదిలినట్టుంది. అంతకంటే ఏమీ లేదు.

ఒక్క మాటే అన్నావు, బావా. రెండోది నాను కలిపినాను.